పాత ఫ్రెంచ్ బంగారు పూత అద్దం: గ్లాసు మార్చాలా, రంగు వేయాలా, ఎలా నిలబెట్టాలి?

ముందు ప్రశ్న క్లుప్తంగా. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉంటున్న ఒకరు అక్కడి పాత సామాన్ల సంతలో నిలువు అద్దం కొన్నారు. ఎత్తు సుమారు 150 సెంటీమీటర్లు, వెడల్పు 100. పై మూలలు గుండ్రంగా, కింది మూలలు పలకగా ఉన్నాయి. ఫ్రేము మీద సన్నగా గీసిన పూల నగిషీ. కొన్నిచోట్ల బంగారం అరిగి ఎర్రగా, కొన్నిచోట్ల తెల్లగా బయటపడింది. గ్లాసు కింది భాగంలో బూడిదరంగు మచ్చలు. వచ్చే ఏడాది హైదరాబాద్ ఫ్లాట్‌కు తెచ్చుకుంటారట. అది అసలు బంగారమేనా, గ్లాసు మార్పించాలా, గోల్డ్ పెయింట్ వేస్తే సరిపోతుందా, గోడకు ఎలా తగిలించాలి అని అడిగారు.

నేరుగా జవాబు: గ్లాసు మార్చకండి. గోల్డ్ పెయింట్ వేయనే వేయకండి. పూత ఏ రకమో తేలేదాకా తడిగుడ్డ కూడా పెట్టకండి. గోడకు వేలాడదీయడం కంటే కింద బల్లో గట్టో ఆధారం ఇచ్చి, పైభాగాన్ని గోడకు పట్టించడం మేలు. ఈ రకం అద్దాలు తయారైంది కూడా అలా నిలబెట్టడానికే.

మీరు చెప్పిన ఆకారాన్ని ఫ్రాన్స్‌లో లూయీ ఫిలిప్ అద్దం అంటారు. ఆ పేరున్న ఫ్రాన్స్ రాజు పాలించింది 1830 నుంచి 1848 వరకు. అయితే ఆ శైలి జనానికి బాగా నచ్చడంతో 19వ శతాబ్దం చివరిదాకా చేస్తూనే పోయారు. కాబట్టి ఆకారం చూసి ఏడాది చెప్పలేం. పైన పెద్ద కిరీటంలా చెక్కడం, గవ్వలు, పూలగుత్తులు, చుట్టూ ముత్యాల వరస ఉంటే సాధారణంగా మూడో నెపోలియన్ కాలం, అంటే 1852–1870. అద్దం పైన బొమ్మో చెక్కుడు పలకో కలిసి ఉంటే దాన్ని ట్రుమో అంటారు. అది గోడ చెక్కపనిలో భాగంగా బిగించినది. పాత ఇళ్ల నుంచి ఊడదీసి విడిగా అమ్ముతుంటారు.

కాలం గురించి ముందువైపు కంటే వెనకవైపు ఎక్కువ చెబుతుంది. అద్దాన్ని గోడ నుంచి జరిపి టార్చితో చూడండి. పైన్ లేదా ఓక్ చెక్క పలకలు నల్లబడి, ఎండిపోయి ఉండాలి. రంపపు గీతలు అర్ధచంద్రాకారంలో ఉంటే గుండ్రటి యంత్రపు రంపంతో కోసినట్టు, అంటే 19వ శతాబ్దంలోనో ఆ తర్వాతో. సూటిగా, ఎగుడుదిగుడుగా ఉంటే చేతి రంపం కావచ్చు. ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన) పలక, స్టేపుల్ పిన్నులు కనిపిస్తే వెనక పలకైనా కొత్తదన్నమాట. ఫ్రేము మొత్తం రెజిన్ పోత అయితే పైన పటారం లోన లొటారమే. గోటితో తడితే చెక్కలా కాక ప్లాస్టిక్ డబ్బాలా మోగుతుంది, పైన్ చెక్క బరువూ ఉండదు. గ్లాసుకు నాణెం ఆనించి, నాణేనికీ ప్రతిబింబానికీ మధ్య ఎడం చూసే పరీక్ష చాలామంది చెబుతారు. దానివల్ల గ్లాసు మందం అందాజుగా తెలుస్తుంది తప్ప వయసు తెలియదు.

ఇక అసలు విషయం, పూత. మీ అద్దానికి నాలుగింట్లో ఏదో ఒకటి అయివుండాలి. ఒకే ఫ్రేము మీద రెండు రకాలు ఉండడం కూడా మామూలే.

ఒకటి, నీటి పద్ధతిలో అతికించిన బంగారు రేకు. చెక్క మీద కుందేలు చర్మంతో తీసిన సరేసు అనే జిగురు, దాని మీద సరేసులో కలిపిన మెత్తటి సుద్ద ఎనిమిది నుంచి పన్నెండు పూతలు. ఆరాక సన్నటి ఉలులతో ఆ సుద్దలోనే నగిషీని మళ్లీ చెక్కుతారు. మీ అద్దం మీది పూల గీతలు ఉన్నది చెక్కలో కాదు, ఈ సుద్దలోనే. దాని మీద మెత్తటి ఎర్రమట్టి పూత. దాన్ని తడిపి రేకు వదులుతారు, కొన్ని గంటల తర్వాత అగేట్ రాయితో రుద్ది మెరుగు పెడతారు. అద్దంలా మెరిసే బంగారం ఈ పద్ధతిలోనే వస్తుంది. రాయితో రుద్దకుండా వదిలేసిన చోట మసకగా, మెత్తగా ఉంటుంది. మెరిసేదీ మసకదీ పక్కపక్కన పెట్టడంలోనే ఫ్రెంచ్ పనివాళ్ల నేర్పంతా కనిపిస్తుంది.

రెండు, నూనె పద్ధతి. ఉడికించిన లిన్సీడ్ నూనెతో చేసిన జిగురు మీద రేకు అతికిస్తారు. మెరుగు పెట్టడం కుదరదు, కాబట్టి అంతా ఒకే రకం మసక మెరుపు. నీటిని బాగానే తట్టుకుంటుంది.

మూడు, వెండి రేకు మీద పసుపు వార్నిష్. లూయీ ఫిలిప్ అద్దాల్లో ఇది చాలా ఎక్కువ, చాలామంది దెబ్బతినేదీ ఇక్కడే. చూడ్డానికి బంగారమే. కానీ ఆ బంగారు రంగంతా వార్నిష్‌ది. స్పిరిటో శానిటైజరో తగిలితే ఆ వార్నిష్ కరిగి, గుడ్డకు పసుపు అంటి, ఫ్రేము తెల్లటి వెండిగా తేలుతుంది. వార్నిష్ లేచిపోయిన చోట గాలికి వెండి నల్లబడుతుంది.

నాలుగు, ఎవరో తర్వాత పూసిన ఇత్తడి రజను పెయింట్. కొత్తలో తళుక్కుమంటుంది. కొన్నేళ్లకు గోధుమరంగుకో పచ్చటి చిలుముకో తిరుగుతుంది. నగిషీ గీతల్లోకి దిగి వాటి పదును చంపేస్తుంది.

తేల్చుకోవడానికి ముందు భూతద్దంతో అరిగిన చోట్లు చూడండి. పసుపు నుంచి నేరుగా ఎర్రమట్టికి మారితే బంగారు రేకు. పసుపుకీ మట్టికీ మధ్య సన్నటి తెల్లటి లోహపు అంచు, దాని చుట్టూ నల్ల చుక్కలు ఉంటే వెండి మీద వార్నిష్. రేకు మీద రేకు పడిన సన్నటి గీతలు కూడా చూడండి. బంగారు రేకు సాధారణంగా 80 మిల్లీమీటర్ల చదరం, కాబట్టి గీతలు ఏడెనిమిది సెంటీమీటర్లకొకటి వస్తాయి. 14 సెంటీమీటర్లకొకటి వస్తే అది ఇత్తడి తరహా నకిలీ రేకు అయ్యే అవకాశం ఎక్కువ. గీతలే లేకుండా, లోతుల్లో రేణువులు పేరుకుని కనిపిస్తే పెయింట్.

ఇంకా సందేహముంటే కింది అంచులో, ఎవరికీ కనిపించని గోరంత చోట, దూదిపుల్ల చివర నీటితో కొద్దిగా తడిపి ఒకటి రెండు సార్లు దొర్లించండి. రుద్దకండి. దూదికి ఎర్రగానో తెల్లగానో అంటితే నీటి పద్ధతి అన్నమాట, వెంటనే ఆపేయండి. సరేసు నీటిలో కరుగుతుంది కాబట్టి రేకు కింది పునాదే కదులుతోందని అర్థం. ఏమీ అంటకపోతే నూనె పద్ధతో, వార్నిష్ ఉన్నదో. ఇంట్లో స్పిరిట్ పరీక్ష చేయకండి. వెండి మీది వార్నిష్ అయితే ఆ పరీక్ష తోనే మచ్చ పడుతుంది.

శుభ్రం చేయడం. ఏ రకమైనా మొదట పొడిగానే. మేకవెంట్రుకల మెత్తటి వెడల్పు బ్రష్‌తో పై నుంచి కిందికి దుమ్ము దులపండి. వాక్యూమ్ క్లీనర్ గొట్టం మూతికి పలచటి గుడ్డ కట్టి, తక్కువ వేగంలో, ఫ్రేముకు ఓ బెత్తెడు దూరంలో పట్టుకుంటే లేచిన దుమ్ము అందులోకి పోతుంది. ఊడిన పెచ్చు పోకుండా గుడ్డ ఆపుతుంది. సుద్ద పెచ్చులు లేచి ఉన్న చోట బ్రష్ కూడా వద్దు. ఈకల చీపురు అసలే వద్దు, ఈకలు పెచ్చుల్లో ఇరుక్కుని వాటిని పెకలిస్తాయి.

జిడ్డు మరకలుంటే రకాన్ని బట్టి. నీటి పద్ధతి బంగారానికి నీళ్లు పడవు గానీ వాసన తీసిన మినరల్ టర్పెంటైన్ సాధారణంగా పడుతుంది. నూనె పద్ధతికి దానికి తిరగేసి: పిండిన తడి దూది పడుతుంది, ద్రావకాలు పడవు. వార్నిష్ వెండికి రెండూ అనుమానమే, పొడి బ్రష్‌తో ఆగిపోండి. ఎక్కడైనా దూదిపుల్ల దొర్లించాలి, ప్రతి రెండు మూడు అంగుళాలకు పుల్ల మార్చాలి, దూదికి పసుపు కనిపిస్తే ఆపాలి. ఉల్లిపాయ రసం, వెనిగర్, బేకింగ్ సోడా లాంటి చిట్కాలు వీడియోల్లో వస్తుంటాయి. ఉల్లిరసంలో ఉండేది ఎక్కువగా నీళ్లే, దానికి తోడు గంధకం. వెండి రేకుకు గంధకం కంటే పెద్ద శత్రువు లేదు.

గ్లాసు మీద ఏదీ నేరుగా స్ప్రే చేయకండి. ద్రవం జారి ఫ్రేము గాడిలోకి దిగి, అక్కడి నుంచి వెనక పూతకు పాకుతుంది. డిస్టిల్డ్ నీళ్లలో మెత్తటి గుడ్డ తడిపి గట్టిగా పిండి తుడవండి. ఫ్రేముకు సెంటీమీటరు ముందే ఆగండి, మిగిలింది పొడి దూదిపుల్లతో. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు వద్దు. మన ఇళ్లకు ప్రత్యేకంగా ఒక మాట: అద్దం అంచున బొట్టు బిళ్లలు అతికించే అలవాటు ఉంటే ఈ అద్దం దగ్గర మానాలి. గ్లాసు మీదైతే తీయొచ్చు, ఫ్రేము మీద అతికిస్తే బిళ్లతోపాటు రేకూ వస్తుంది.

గోల్డ్ పెయింట్ ఎందుకు వద్దు? రంగు తేడా ఒక్కటే కాదు. పెయింట్ ఎండాక దాని కింది అసలు రేకును దెబ్బతీయకుండా తీయడం చాలా కష్టం. నిపుణులు మైక్రోస్కోప్ కింద గంటల తరబడి చేసే పని అది. అరిగి ఎర్రమట్టి కనబడడాన్ని ఫ్రాన్స్‌లో ఎవరూ లోపమనుకోరు, అది ఉన్నందుకే ధర పలుకుతుంది. బాధపెట్టేవి తెల్లటి సుద్ద బయటపడిన చోట్లే. వాటిని మరుగుపరచడానికి వాటర్‌కలర్ చాలు: మొదట ఇటుక ఎరుపు, ఆరాక పైన పసుపుమట్టి రంగు సన్నటి గీతలుగా. మెరుపు కావాలంటే ఇత్తడి రజను కాకుండా అభ్రకం పొడి వాడండి, అది నల్లబడదు. నచ్చకపోతే ఈ రంగు రేపు తడి దూదితో తీసేయొచ్చు. అందుకే రంగును సుద్ద కనిపించే చోటుకే పరిమితం చేయండి, పక్కనున్న రేకు మీదికి పోనివ్వకండి.

పెచ్చు కదులుతుంటే అతికించడం ముందు, రంగు తర్వాత. సరేసు ఒక పాలు, నీళ్లు ఇరవై పాళ్లు రాత్రంతా నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. 60 డిగ్రీలు దాటనివ్వకండి, ఉడికితే పట్టు పోతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు సన్నటి కుంచెతో పెచ్చు అంచు కిందికి ఒక్క బొట్టు పంపి, సిలికాన్ కాగితం మీదుగా వేలితో రెండు నిమిషాలు మెల్లగా అదమండి. పొంగిన జిగురును వెంటనే అద్దేయండి. ఫెవికాల్ వాడితే పట్టు బాగానే ఉంటుంది గానీ తర్వాత విడదీయలేరు, మళ్లీ రేకు వేయాలన్నా అది నీటి పద్ధతిని ఒప్పుకోదు.

మొత్తానికి కొత్త రేకు వేయిస్తానంటే లెక్క ఇలా ఉంటుంది. మీ ఫ్రేము చుట్టుకొలత 5 మీటర్లు. పట్టీ ఒంపులన్నీ కలిపి 12 సెంటీమీటర్లనుకుంటే 0.6 చదరపు మీటర్లు. రేకుకు 0.0064 చదరపు మీటర్ల చొప్పున 94 రేకులు. ఒకదాని మీద ఒకటి పడడం, చిరగడం కలుపుకుంటే 130 దాకా. పుస్తకానికి 25 రేకులు, అంటే ఆరు పుస్తకాలు. ఖర్చులో రేకు వాటా చిన్నదే, సుద్ద పూతలకూ తిరిగి చెక్కడానికీ పట్టే కూలీదే పెద్ద వాటా. నా అభిప్రాయంలో సగం కంటే ఎక్కువ పూత నిలిచి ఉన్న ఫ్రేముకు ఈ పని చేయించడం దండగ.

గ్లాసు సంగతి. 1665లో పద్నాలుగో లూయీ రాజు మంత్రి కోల్బెర్ పెట్టించిన రాజ అద్దాల కర్మాగారం (తర్వాతి సెయింట్ గోబైన్ కంపెనీ) అద్దాల తయారీలో వెనిస్ గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టింది. వెర్సాయ్ రాజభవనంలోని అద్దాల మందిరపు 357 అద్దాలకు వాడిందీ, తర్వాత రెండు వందల ఏళ్లు నడిచిందీ తగరం, పాదరసం పద్ధతే. చదునైన రాతిబల్ల మీద తగరపు రేకు పరచి, పాదరసం పోసి, గ్లాసును మీదుగా జార్చి, బరువులు పెట్టి, వారాల తరబడి బల్లను వాలుగా ఉంచి అదనపు పాదరసాన్ని కారనిచ్చేవారు. 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ కనిపెట్టిన వెండి పూత పద్ధతి 1850ల తర్వాత మెల్లగా దాని స్థానంలోకి వచ్చింది. 20వ శతాబ్దం మొదటికల్లా పాదరసం పని పోయింది.

మీ గ్లాసు ఏదో తెలుసుకోవడానికి తెల్లకాగితం ఆనించి ప్రతిబింబం చూడండి. కాగితం కాస్త నీలిబూడిదగా, చీకటిగా కనిపిస్తే పాదరసం. పసుపు ఛాయతో వెలుతురుగా ఉంటే వెండి. పాదరసం పూత మచ్చలు బూడిదరంగులో, మెరిసే పలుకుల్లా ఉంటాయి, కింది అంచున ఎక్కువ. ఆ పూతలోని పాదరసం ఇప్పటికీ చాలా నెమ్మదిగా కిందికి దిగుతూనే ఉంటుంది, తగరం గాలికి ఆక్సైడ్‌గా మారుతుంది, అందుకని. వెండి అద్దం మచ్చలు గోధుమ, నలుపు రంగుల్లో ఉంటాయి. వెనక ఎర్రటిదో బూడిదరంగుదో పెయింట్ పూత కూడా ఉంటుంది. మీరు చెప్పిన వివరాల బట్టి మీది పాదరసం గ్లాసే అనిపిస్తోంది. కొత్తగా యాసిడ్‌తో తెచ్చిన పాతదనం అయితే మచ్చలు గ్లాసంతా ఒకే రకంగా, నడిమధ్యన కూడా చల్లినట్టుంటాయి.

పాదరసం గ్లాసు అయితే మూడు జాగ్రత్తలు. తలకిందులు చేయకండి, పడుకోబెట్టకండి: కింద చేరిన పాదరసం వెనక్కి పారి పైదాకా చారలు కడుతుంది. వెనక పూతను ముట్టుకోకండి, గీకకండి. గాడిలోనో నేల మీదో వెండి బిందువులు కనిపిస్తే వాక్యూమ్ క్లీనర్ వాడకండి, అది పాదరసాన్ని ఆవిరి చేసి గదంతా చల్లుతుంది. కిటికీలు తెరిచి, గట్టి కాగితం ముక్కలతో బిందువులను ఒక చోటికి తోసి, మూత బిగుతుగా ఉండే సీసాలోకి ఎత్తి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. చెక్కుచెదరకుండా గోడ మీదున్న అద్దం వల్ల, గాలి ఆడే గదిలో, భయపడాల్సిందేమీ లేదు. పాత పూత తీసి మళ్లీ వెండి వేస్తామనే దుకాణాలుంటాయి. తీసేసిన పూత తిరిగి రాదు, తీసే మనిషికీ విషమే. ముఖం చూసుకోవడానికి స్పష్టమైన గ్లాసు కావాలంటే దానికి వేరే అద్దం కొనుక్కోండి. ఇది దీపపు వెలుగులో గదిని చూపించడానికి.

గ్లాసు వదులుగా కదులుతుంటే వెనక చిన్న చెక్క ముక్కలను జిగురుతో ఫ్రేముకు అంటించి ఆపాలి, గ్లాసుకు చుట్టూ 2 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. మేకులు కొట్టి బిగిస్తే వేసవిలో చెక్క కదిలినప్పుడు మూల పగులుతుంది.

నిలబెట్టడం. గ్లాసు బరువు చదరపు మీటరుకు, మిల్లీమీటరు మందానికి 2.5 కిలోలు. మీ గ్లాసు 1.4 × 0.9 మీటర్లు, 5 మిల్లీమీటర్లు అనుకుంటే దాదాపు 16 కిలోలు. ఫ్రేమూ వెనక చెక్కా కలిపి 25–30 అవుతుంది. ఫ్రాన్స్‌లో ఇది చలిమంట గూటి పైన ఉండే చలువరాతి గట్టు మీద నిలబడేది. బరువంతా కింది పట్టీ మీద. పైనుంచి వేలాడదీస్తే అదే బరువు పాత సరేసు అతుకుల్ని లాగుతుంది, కింది మూలలు విచ్చుకుంటాయి. కాబట్టి గోడకు ఆనించిన కన్సోల్ బల్ల మీదో, గోడకు బిగించిన 10 సెంటీమీటర్ల వెడల్పు చెక్క గట్టు మీదో నిలబెట్టి, పైన రెండు వైపులా ఇత్తడి పట్టీలతో గోడకు పట్టించండి.

వేలాడదీయక తప్పకపోతే రెండు కొక్కేలు, రెండు మేకులు, ఒక్కొక్కటీ మొత్తం బరువు మోయగలిగేవి. ఒకే తీగ కట్టి మధ్యన తగిలించే పద్ధతిలో, తీగ 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు మొత్తం బరువంత లాగుడు పడుతుంది. తీగ బిగుతుగా 15 డిగ్రీలకు వస్తే దానికి రెట్టింపు. గోడ ఎర్ర ఇటుకదైతే ప్లాస్టరు మందం వదిలేసి ఇటుకలోకి కనీసం 60 మిల్లీమీటర్లు దిగాలి. హైదరాబాద్ కొత్త ఫ్లాట్లలో చాలావాటి గోడలకు ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటు దిమ్మలు. వాటిలో మామూలు ప్లాస్టిక్ ప్లగ్ వదులైపోతుంది, ఆ బ్లాకుల కోసమే చేసిన ప్లగ్గో, జిగురుతో పట్టుకునే కెమికల్ యాంకరో వాడాలి.

చోటు ఎంపికలో: బయటి గోడ, అదీ వానకు చెమ్మ ఎక్కేది, వద్దు. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు వద్దు. వానాకాలపు తేమకు చెక్క ఉబ్బుతుంది, ఏసీ వేస్తే కుదించుకుంటుంది. సుద్దకు సాగే గుణం లేదు కాబట్టి బీటలిచ్చి పెచ్చులూడుతుంది. గదిలో తేమ 45–55 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిది. నిలకడే అంకె కంటే ముఖ్యం. పూజగది ఎదురుగా కూడా వద్దు, అగరొత్తుల పొగ, నూనె దీపపు మసి రేకు మీద కూర్చుంటే తీయడం నరకం. వాస్తు ప్రకారం ఉత్తరం, తూర్పు గోడలంటారు, వాటిలో చెమ్మ లేనిది చూసుకోండి. వెనక కింది మూలలకు బెండు ముక్కలు అంటించి గోడకూ అద్దానికీ మధ్య ఒక సెంటీమీటరు గాలి ఆడనివ్వండి, ప్లాస్టిక్ షీటు కప్పకండి. ఇంటికి చెదల మందు కొట్టించేటప్పుడు అద్దాన్ని వేరే గదికి మార్చండి. పైన్ చెక్కా సరేసూ పురుగుకు ఇష్టమైన తిండి, కాబట్టి రంధ్రాల కింద కొత్తగా రజను రాలుతోందేమో ఏడాదికి రెండుసార్లు టార్చి వేసి చూడండి. మందు పెట్టాల్సి వస్తే వెనక రంధ్రాల్లోకి సూదితో మాత్రమే, ముందువైపు చుక్క పడకూడదు.

దీపాల విషయంలో, అద్దం మీదికి స్పాట్‌లైట్ పెట్టకండి. పక్క నుంచి 2700 కెల్విన్ పసుపు వెలుతురు పడితే మెరుగు పెట్టిన భాగాలూ మసకవీ విడివిడిగా తెలుస్తాయి. తెల్ల ట్యూబులైటు కింద అసలు బంగారం కూడా పెయింట్‌లాగే ఉంటుంది. అద్దానికి ఎదురుగా ఏముందో చూసుకోండి, టీవీ ఉంటే ఇంట్లో రెండు టీవీలున్నట్టే.

ఇండియాకు తరలించడం. బబుల్ రాప్ రేకుకు నేరుగా చుట్టకండి, వేడికి గుండ్రటి ముద్రలు పడతాయి. ముందు ఆమ్లం లేని టిష్యూ కాగితం, ఆ పైన ఫోమ్, మూలలకు గట్టి అట్ట. టేపు ఫ్రేముకు తగలకూడదు. అద్దం చెక్కపెట్టెలో నిలువుగానే ఉండాలి, పెట్టె మీద నాలుగు వైపులా పైకి బాణాలు వేయించండి. పెట్టె చెక్కకు ఐఎస్‌పీఎం 15 (చెక్కలోని పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) వేడిచికిత్స ముద్ర లేకపోతే రేవులో ఆపవచ్చు. రసీదులో అద్దం కొలతలు, శైలి, తయారీ కాలం అమ్మినవారితో రాయించుకోండి, ఎందుకంటే కస్టమ్స్‌లో నూరేళ్లు దాటిన పాత వస్తువులకు వేరే శీర్షిక ఉంది, కాలం నిరూపించే కాగితం లేకపోతే మామూలు ఫర్నిచర్ కింద లెక్కగట్టవచ్చు. హైదరాబాద్ చేరాక పెట్టెను వెంటనే విప్పకండి. ఏసీ లేని గదిలో రెండు మూడు రోజులు అలాగే ఉంచి, తర్వాత మూత ఒక్కటే తీసి మరో రోజు ఆగి, అప్పుడు బయటికి తీయండి.